పాత అమెరికన్ జానపద రికార్డులు: తరచుగా అడిగే ప్రశ్నలు

1920ల నుంచి 1950ల దాకా వచ్చిన అమెరికన్ జానపద రికార్డుల గురించి ఎక్కడ మాట మొదలైనా అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. ఈ గరగర ఏమిటి, ఎక్కడ మొదలుపెట్టాలి, ఆ దయ్యం కథ నిజమేనా అని. అందుకే అన్నిటికీ ఒకేచోట జవాబులు రాసి పెడుతున్నాను. వరసగా చదవక్కర్లేదు. మీ సందేహం ఎక్కడుంటే అక్కడికి నేరుగా వెళ్లండి.

## వినడం మొదలుపెట్టే ముందు

బాబ్ డిలన్ పాటలు విన్నాను. అంతకంటే పాతవి కూడా వినాలా?

వినాలి. 1962లో వచ్చిన డిలన్ తొలి ఆల్బమ్‌లో ఆయన సొంతంగా రాసుకున్నవి రెండే పాటలు. మిగతావి ఇతరుల పాటలు, సంప్రదాయంగా వస్తున్నవి. ఆ ఆల్బమ్ చివరి పాట 'సీ దట్ మై గ్రేవ్ ఈజ్ కెప్ట్ క్లీన్'. టెక్సస్‌కు చెందిన అంధ గాయకుడు బ్లైండ్ లెమన్ జెఫర్సన్ 1920ల చివర్లో దాన్ని రికార్డు చేశాడు. నా సమాధిని శుభ్రంగా ఉంచండి, అదొక్కటే కోరిక అంటుంది ఆ పాట. అది పాడేనాటికి డిలన్‌కి 20 ఏళ్లు. ఆ వయసు కుర్రాడి గొంతులోకి చావు అంత బరువుగా ఎలా వచ్చిందో తెలియాలంటే రెండు రికార్డులూ పక్కపక్కన పెట్టుకుని వినండి. జెఫర్సన్ గొంతు విన్నాక డిలన్ మీద గౌరవం తగ్గదు. ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నాడో తెలుస్తుంది.

మాటలు సగం కూడా అర్థం కావడం లేదు. నాకు ఇవి ఎక్కుతాయా?

ఎక్కుతాయి. కొన్ని మాటలు అమెరికా వాళ్లకే అందవు. యాస, పాత రికార్డు మోత, పాటలోని వింత ఊహ మూడూ కలిసి వస్తాయి మరి. నార్త్ కరోలినాకు చెందిన బాస్కమ్ లామర్ లన్స్‌ఫర్డ్ పాట ఒకటి ఉంది. నేల తవ్వుకుంటూ పోయే చిన్న జంతువుగా పుడితే ఈ కొండను కూల్చేద్దును అని పాడతాడు. ఎందుకు కూల్చాలో ఎక్కడా చెప్పడు. మొదటిసారి మాటల జోలికి పోకుండా గొంతు, తాళం, వాయిద్యం వినండి. రెండోసారి సాహిత్యం ముందు పెట్టుకోండి. అప్పటికీ అర్థం కానిది ఉంటే వదిలేయండి, పాట చెడదు.

రికార్డు నిండా ఈ గరగర ఏమిటి? శుభ్రం చేసిన కాపీ దొరకదా?

అవి నిమిషానికి 78 సార్లు తిరిగే గ్రామఫోన్ ప్లేట్లు. ఒక్కో వైపు సుమారు 3 నిమిషాల పాటే పట్టేది. రాతిపొడి లాంటివి లక్కతో కలిపి ఆ ప్లేట్లు చేసేవాళ్లు. ఆ లక్కలో ఎక్కువ భాగం మన దేశం నుంచే వెళ్లేది. ఉక్కు ముల్లు ఆ గరుకు గాడిలో నడుస్తుంటే మోత తప్పదు. పైగా చాలా పాటలకు కంపెనీల దగ్గరున్న అసలు లోహపు అచ్చులు మిగల్లేదు. ఎవరి ఇంట్లోనో అరిగిపోయేదాకా వాయించిన ప్లేటే ఇవాళ మనకున్న ఆధారం. మిసిసిపీ డెల్టా ప్రాంతపు బ్లూస్‌కి (నల్లజాతి వాళ్లు కష్టసుఖాలు పాడుకునే శైలి) పెద్దదిక్కు లాంటి చార్లీ ప్యాటన్ పాటలు చాలావరకు ఇలాగే మనదాకా వచ్చాయి. ఆయన్ను రికార్డు చేసిన పారమౌంట్ అనే రికార్డుల లేబుల్‌ను నడిపింది విస్కాన్సిన్‌లోని కుర్చీల కంపెనీ.

కంప్యూటర్‌తో మోతను పూర్తిగా తుడిచేసిన కాపీలు దొరుకుతాయి గానీ వాటి జోలికి పోవద్దని నా సలహా. మోతతో పాటు గొంతులోని జీర, తీగ మీద వేలు జారిన చప్పుడు కూడా పోతాయి. నాలుగైదు పాటలయ్యాక మీ చెవే మోతను పక్కకు నెట్టేస్తుంది.

## రికార్డింగులు ఎలా జరిగాయి

పల్లెల్లో పాడుకునేవాళ్ల పాటలు పెద్ద కంపెనీలు ఎందుకు రికార్డు చేశాయి? సంస్కృతి మీద ప్రేమతోనా?

కాదు, వ్యాపారం కోసం. 1920లో మేమీ స్మిత్ పాడిన 'క్రేజీ బ్లూస్' విపరీతంగా అమ్ముడుపోవడంతో నల్లజాతి వాళ్లూ రికార్డులు కొంటారని కంపెనీలకు తెలిసొచ్చింది. 1923లో అట్లాంటాలో ఫిడ్లిన్ జాన్ కార్సన్ అనే ఫిడేలు వాయించే ఆయన రికార్డు కూడా అలాగే అమ్ముడుపోయింది. కొండ ప్రాంతాల తెల్లవాళ్ల సంగీతానికీ గిరాకీ ఉందని తేలింది. అప్పటినుంచి రెండు వేర్వేరు కేటలాగులు నడిచాయి, ఒకటి నల్లవాళ్లకు, ఇంకొకటి తెల్లవాళ్లకు. పాడేవాళ్లు మాత్రం ఒకరి పాటలు ఒకరు నేర్చుకుంటూనే ఉన్నారు. గీత గీసింది అమ్మేవాళ్లే.

1925లో మైక్రోఫోన్‌తో రికార్డు చేసే పద్ధతి వచ్చింది. దాంతో చిన్న గొంతు, మెల్లగా మీటిన గిటారు కూడా స్పష్టంగా పడ్డాయి. యంత్రాలను ఊళ్లకు తీసుకెళ్లి హోటల్ గదుల్లో, ఖాళీ అంతస్తుల్లో రికార్డు చేయడం మొదలైంది. ఆర్థిక మాంద్యం ముదిరాక 1932 నాటికి ఈ వ్యాపారం దాదాపు ఆగిపోయింది. ఆ నాలుగైదేళ్ల గిరాకీ లేకపోతే ఈ గొంతులు మనకు ఉండేవే కావు.

1927లో బ్రిస్టల్‌లో ఏం జరిగింది? దాన్ని కంట్రీ అనే అమెరికన్ పల్లె సంగీతానికి పుట్టినిల్లు అంటారెందుకు?

బ్రిస్టల్ టెనెసీ, వర్జీనియా రాష్ట్రాల సరిహద్దు మీద ఉన్న ఊరు. సరిహద్దు గీత సరిగ్గా ప్రధాన వీధి మధ్య నుంచే పోతుంది. విక్టర్ కంపెనీ తరఫున రాల్ఫ్ పియర్ అనే ఆయన 1927 జులై 25 నుంచి ఆగస్టు 5 దాకా ఆ వీధిలో ఒకప్పటి టోపీల కంపెనీ భవనంలో రికార్డింగ్ పెట్టాడు. మొదట్లో జనం పెద్దగా రాలేదు. అక్కడ పాడుతున్న ఎర్నెస్ట్ స్టోన్‌మన్‌కి రికార్డుల మీద ఏడాదికి వేల డాలర్లు వచ్చాయని స్థానిక పత్రికలో పడింది. అంతే, కొండల్లోంచి బళ్ల మీద, రైళ్లలో దిగిపోయారు. మొత్తం 19 బృందాలు 76 పాటలు పాడాయి.

ఆగస్టు 1న వచ్చింది కార్టర్ కుటుంబం. ఏ.పి. కార్టర్, ఆయన భార్య సారా, సారాకి చెల్లెలి వరసయ్యే మేబెల్. అప్పటికి మేబెల్‌కి 18 ఏళ్లు, నిండు గర్భిణి. సారా వెంట పాలు తాగే బిడ్డ. అప్పు తెచ్చుకున్న కారులో మట్టిరోడ్డు పట్టుకుని వచ్చారు. మేబెల్ బొటనవేలితో కింది స్థాయి తీగల మీద పాట వరస మీటుతూ, మిగతా వేళ్లతో పై తీగల మీద తాళం వేసేది. ఒక్క గిటారే ఇద్దరు వాయించినట్టు వినిపిస్తుంది. కంట్రీ గిటారు నేర్చుకునేవాళ్లు ఇవాళ్టికీ ఆ పద్ధతి మీద చెయ్యి సాధన చేస్తారు.

ఆగస్టు 4న జిమ్మీ రాడ్జర్స్ పాడాడు. వెంట వచ్చిన బృందంతో ముందురోజే తగువు పడి విడిపోవడంతో ఒంటరిగా గిటారు పట్టుకుని రెండు పాటలు పాడేశాడు. ఆరేళ్లలోపే, 1933లో, క్షయతో చనిపోయాడు. ఆ లోపు దేశమంతా తెలిసిన గాయకుడయ్యాడు. ఆ వీధిలో మూడు రోజుల తేడాతో పాడిన ఈ రెండు పక్షాల నుంచే తర్వాతి కంట్రీ సంగీతం చాలావరకు పాయలుగా వచ్చింది.

పాడినవాళ్లకు డబ్బు ఇచ్చారా?

ఇచ్చారు, కొంచెం. బ్రిస్టల్‌లో పాటకి 50 డాలర్లు, రికార్డులు అమ్ముడైతే పైన చిన్న వాటా. అసలు డబ్బు పాట మీద హక్కుల్లో ఉండేది. రాల్ఫ్ పియర్ ఆ హక్కులు తన ప్రచురణ సంస్థ పేరున ఉంచుకున్నాడు. కంపెనీల సంగతి అలా ఉంచితే, పాడేవాళ్ల మధ్య కూడా అన్యాయం జరిగింది. ఏ.పి. కార్టర్ ఊరూరా తిరిగి పాటలు పోగుచేసేటప్పుడు లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు ఆయన వెంట ఉండేవాడు. కార్టర్ మాటలు రాసుకునేవాడు, వరస గుర్తుపెట్టుకునే పని రిడిల్‌ది. పాటలు మాత్రం కార్టర్ పేరు మీద నమోదయ్యాయి. రిడిల్ పేరు సంగీతం తెలిసినవాళ్లకు కూడా దశాబ్దాల తర్వాత గానీ తెలియలేదు. కార్టర్ పాటలు ఎంత ఇష్టంగా విన్నా ఈ సంగతి తెలిసి వినాలి.

లోమాక్స్ అనే పేరు ప్రతిచోటా కనిపిస్తోంది. వాళ్లెవరు? జైళ్లలో రికార్డు చేయడమేమిటి?

జాన్ లోమాక్స్, ఆయన కొడుకు అలన్. 1933లో అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం దక్షిణాది రాష్ట్రాల్లో పాటల సేకరణకు బయల్దేరారు. కారు వెనక 315 పౌండ్ల బరువున్న రికార్డింగ్ యంత్రం, అంటే 140 కిలోల పైమాటే. జైళ్లకు ఎందుకంటే, రేడియో, గ్రామఫోన్ సోకని పాత పని పాటలు అక్కడ మిగిలి ఉంటాయని వాళ్ల నమ్మకం. లూసియానాలోని అంగోలా జైలులో హడీ లెడ్‌బెటర్ కనిపించాడు. లోకానికి ఆయన లెడ్ బెల్లీ.

గవర్నర్‌కి పాట పాడి వినిపించి విడుదలయ్యాడని ఒక కథ ఉంది. అంగోలా నుంచి విడుదల కావడానికి కారణం పాట కాదు, సత్ప్రవర్తన కింద వచ్చిన శిక్ష తగ్గింపు. ఆయన పాడిన 'గుడ్‌నైట్ ఐరీన్'ని 1950లో వీవర్స్ బృందం పాడితే 13 వారాలు అమెరికాలో మొదటి స్థానంలో నిలిచింది. లెడ్ బెల్లీ అంతకు కొన్ని నెలల ముందే, 1949 డిసెంబర్‌లో పోయాడు.

బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్‌ని కూడా లోమాక్స్‌లే కనిపెట్టారా?

1941 ఆగస్టులో అలన్ లోమాక్స్, ఫిస్క్ విశ్వవిద్యాలయానికి చెందిన నల్లజాతి సంగీతజ్ఞుడు జాన్ వర్క్ కలిసి మిసిసిపీలోని స్టోవల్ పత్తి క్షేత్రానికి వెళ్లారు. అక్కడ ట్రాక్టర్ నడిపే మడ్డీ వాటర్స్‌ని అతని ఇంట్లోనే రికార్డు చేశారు. తర్వాత ప్లేటు రెండు ప్రతులు, 20 డాలర్లు పంపారు. ఒక ప్రతిని తీసుకెళ్లి ఊళ్లోని జ్యూక్‌బాక్స్‌లో (నాణెం వేస్తే పాట వినిపించే పెట్టె) పెట్టించి, తన పాట తానే మళ్లీ మళ్లీ వేసుకుని విన్నానని మడ్డీ తర్వాత చెప్పుకున్నాడు. 1943లో షికాగో రైలెక్కాడు. ఈ కథలో లోమాక్స్ పేరు వినిపించినంతగా జాన్ వర్క్ పేరు వినిపించదు. అది సరికాదు.

## హ్యారీ స్మిత్ సంకలనం

'ఆంథాలజీ ఆఫ్ అమెరికన్ ఫోక్ మ్యూజిక్'లో ఏముంది? ఎందుకంత పేరు?

1952లో ఫోక్‌వేస్ అనే రికార్డు కంపెనీ ఆరు ఎల్పీలుగా (ఎక్కువ పాటలు పట్టే ప్లేట్లు) తెచ్చిన 84 పాటల సంకలనం ఇది. మూడు భాగాలు. కథాగేయాలు ఒకటి, నాట్యాలకూ ప్రార్థనలకూ వాడే సంగీతం ఒకటి, పాటలు ఒకటి. కొత్తగా పాడించినవి కావు, అన్నీ 1920ల చివర్లో, 1930ల మొదట్లో కంపెనీలు అమ్మిన పాత ప్లేట్లే. ఎంచి కూర్చింది హ్యారీ స్మిత్ అనే చిత్రకారుడు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు కూడా లేవు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో లక్క కొరత వచ్చి పాత ప్లేట్లు తుక్కు కింద పోతుంటే ఆయన వేలకొద్దీ కొని దాచాడు. చేతిలో డబ్బు లేక అమ్ముదామని ఫోక్‌వేస్ అధిపతి మోజెస్ ఆష్ దగ్గరికి వెళ్తే, అమ్మకం సంగతి తర్వాత, వీటితో ఒక సంకలనం చెయ్యమని ఆష్ కూర్చోబెట్టాడు.

ఇరవై, పాతికేళ్ల కిందటి పాటలే అయినా 1952 నాటి కుర్రకారుకి అవి ఎన్నడూ వినని గొంతులు. పేరు రావడానికి అదే కారణం.

స్మిత్ కూర్పులో ప్రత్యేకత ఏమిటి? పాత పాటల క్యాసెట్ ఎవరైనా చేయొచ్చు కదా?

పాడినవాళ్లు నల్లవాళ్లా తెల్లవాళ్లా అన్నది ఆయన ఎక్కడా రాయలేదు. కంపెనీలు రెండు కేటలాగులుగా విడదీసి అమ్మిన పాటల్ని ఒకదాని పక్కన ఒకటి పేర్చాడు. అప్పటి అమెరికాలో బస్సుల్లో సీట్లు వేరు, బడులు వేరు. మిసిసిపీ జాన్ హర్ట్ నల్లజాతి మనిషని చాలామంది శ్రోతలకు ఏళ్ల తరబడి తెలియలేదు. ఇది స్మిత్ కావాలని చేసిన పని. సంకలనంలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇదే.

రెండోది, పాటలతో పాటు ఇచ్చిన చిన్న పుస్తకం. ప్రతి కథాగేయానికీ పత్రికల్లో వార్తకు పెట్టినట్టు ఒక శీర్షిక పెట్టాడు. కప్ప ఎలుకను పెళ్లాడే పాటకు, పెళ్లి జరిగిందనీ బంధువులు ఒప్పుకున్నారనీ వార్త. రైలు ప్రమాదాలకూ హత్యలకూ ఇదే పద్ధతి. నవ్వొస్తుంది, కానీ ఆ పాటలు తమ కాలానికి నిజంగా వార్తలే.

ఆ పాత ప్లేట్లు వాడుకోవడానికి కంపెనీల అనుమతి ఉందా?

1952లో లేదు. పెద్ద కంపెనీలు ఆ పాటల్ని మార్కెట్లోంచి ఎప్పుడో తీసేశాయి, అడిగే నాథుడు లేడు. జనానికి చేరాల్సిన పాటను అటకెక్కించే హక్కు కంపెనీకి లేదన్నది మోజెస్ ఆష్ వాదన. తన లేబుల్‌లో ఏ రికార్డునూ అమ్మకం లేదని ఆపకుండా చివరిదాకా అందుబాటులో ఉంచాడు కూడా. ఆయన పోయాక 1987లో ఫోక్‌వేస్ స్మిత్‌సోనియన్ సంస్థ చేతికి వచ్చింది. 1997లో హక్కులన్నీ సరిచేసి సీడీలుగా తెచ్చారు, దానికి రెండు గ్రామీలు వచ్చాయి. ఆష్ చేసింది చట్టం ప్రకారం తప్పే. అయినా ఆ తప్పు జరగకపోతే మనం ఇవాళ మాట్లాడుకోవడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు.

## తర్వాత ఏమైంది

హ్యారీ స్మిత్ సంకలనంలో పాడినవాళ్లు అప్పటికి బతికే ఉన్నారా?

చాలామంది ఉన్నారు! శ్రోతలు మాత్రం వాళ్లంతా ఎప్పుడో పోయారనుకున్నారు. మిసిసిపీ జాన్ హర్ట్ 1928లో రికార్డులు చేశాడు, అవి అమ్ముడుపోలేదు, తిరిగి ఊరికెళ్లి పొలం పని చేసుకున్నాడు. 'అవలాన్ బ్లూస్' అనే పాటలో అవలాన్ మా ఊరు అని పాడాడు. 1963లో టామ్ హాస్కిన్స్ అనే కుర్రాడు ఆ ఒక్క ఆధారంతో పాత మ్యాపుల్లో ఊరు వెతికి పట్టుకుని వెళ్లాడు. 70 ఏళ్ల హర్ట్ అక్కడే ఉన్నాడు. ఎవరో పోలీసు మనిషి వచ్చాడని మొదట భయపడ్డాడు. ఇంట్లో గిటారు కూడా లేదు. హాస్కిన్స్ తనది చేతికిస్తే వాయించాడు. 1928 రికార్డులో ఉన్న వేళ్లే అవి.

అదే ఏడాది న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో వేలమంది ముందు కూర్చుని, వరండాలో నలుగురికి వినిపించినంత నెమ్మదిగా పాడాడు. 1966లో చనిపోయేదాకా కచేరీలు చేస్తూనే ఉన్నాడు. బొగ్గు గనుల్లో పనిచేసి బాంజో అనే తీగ వాయిద్యాన్ని పక్కన పెట్టేసిన గాయకుడు డాక్ బాగ్స్‌ని కూడా 1963లోనే మైక్ సీగర్ వర్జీనియాలో వెతికి పట్టుకున్నాడు.

రాబర్ట్ జాన్సన్ నాలుగు రోడ్ల కూడలిలో దయ్యానికి ఆత్మ అమ్మేశాడట. నిజమేనా?

కాదు. ఆ కథ మొదట చెప్పుకున్నది టామీ జాన్సన్ అనే ఇంకో బ్లూస్ గాయకుడి గురించి. రాబర్ట్ కొంతకాలం కనిపించకుండా పోయి, వచ్చేసరికి అద్భుతంగా వాయించాడన్నది నిజమే. ఆ మధ్యలో ఐక్ జిమ్మర్‌మన్ అనే గిటారిస్టు దగ్గర సాధన చేశాడు. 1936 నవంబర్‌లో శాన్ ఆంటోనియోలో, 1937 జూన్‌లో డాలస్‌లో కలిపి 29 పాటలు రికార్డు చేసి, 1938 ఆగస్టులో 27 ఏళ్లకే పోయాడు. అదే ఏడాది డిసెంబర్‌లో కార్నెగీ హాల్ కచేరీకి పిలుద్దామనుకున్న నిర్వాహకుడు జాన్ హామండ్, జాన్సన్ చనిపోయాడని తెలిసి వేదిక మీద ఆయన రికార్డులే వేసి వినిపించాడు. 1961లో కొలంబియా ఎల్పీ తెచ్చాక ఎరిక్ క్లాప్టన్, కీత్ రిచర్డ్స్ లాంటి రాక్ గిటారిస్టులు ఆ పాటల వెంటపడ్డారు. దయ్యం కథ ఆయన పడిన కష్టాన్ని మింగేస్తోంది, అందుకే నాకు ఇష్టం లేదు.

ఈ రికార్డులు ఇప్పటి సంగీతంలో ఎక్కడైనా వినిపిస్తాయా?

నిర్వాణ బృందం 1993లో ఎంటీవీ కచేరీని లెడ్ బెల్లీ పాడే పాత పాటతోనే ముగించింది. 1999లో మోబీ తన ఆల్బమ్‌లో అలబామాకు చెందిన వేరా హాల్ గొంతును లోమాక్స్ రికార్డింగ్ నుంచి తీసుకున్నాడు. 2000లో వచ్చిన 'ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?' సినిమా మొదట్లో వినిపించే ఖైదీల పాట 1959లో మిసిసిపీలోని పార్చ్‌మన్ జైలులో రికార్డు చేసింది. అందులో ముందు పాడిన జేమ్స్ కార్టర్‌ని వెతికి, షికాగోలో పట్టుకుని 20,000 డాలర్ల చెక్కు ఇచ్చారు. అలాంటి పాట ఒకటి పాడినట్టు కూడా ఆయనకు గుర్తులేదు.

బ్లైండ్ విల్లీ జాన్సన్ 1927లో డాలస్‌లో చేసిన 'డార్క్ వాజ్ ద నైట్'లో మాటలే లేవు, మూలుగు లాంటి రాగం, గిటారు అంతే. అది 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకల్లో పంపిన బంగారు రికార్డులో ఉంది.

## ఇప్పుడు వినాలంటే

ఎక్కడ మొదలుపెట్టాలి? స్మిత్ సంకలనంలోని 84 పాటలూ వరసగా వినాలా?

వద్దు, అలసిపోతారు. ముందు మిసిసిపీ జాన్ హర్ట్ 'ఫ్రాంకీ' వినండి, ఎవరికైనా నచ్చుతుంది. తర్వాత క్లారెన్స్ ఆష్లీ 'ద కూకూ బర్డ్'. బాంజో ఒకేచోట సుడి తిరుగుతుంటే గొంతు పైన తేలుతుంది. కార్టర్ కుటుంబం 'వైల్డ్‌వుడ్ ఫ్లవర్', అది సంకలనంలో లేదు, విడిగా వెతకండి. ఆఖరున డాక్ బాగ్స్ 'కంట్రీ బ్లూస్'. ఇది మొదటిసారి కటువుగా ఉంటుంది, వారం ఆగి మళ్లీ వినండి. ఇవి పట్టాయంటే మిగతావాటిని మీరే వెతుక్కుంటారు.

ఉచితంగా వినొచ్చా? కాపీరైట్ సమస్య ఉందా?

వినడానికి ఇబ్బంది లేదు. అలన్ లోమాక్స్ సేకరణల్లో 17,000కు పైగా రికార్డింగులు ఆయన స్థాపించిన సంస్థ ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. మీ వీడియోలో వాడుకోవాలంటే మాత్రం జాగ్రత్త. అమెరికా చట్టం ప్రకారం 1923 నుంచి 1946 మధ్య విడుదలైన రికార్డులకు 100 ఏళ్ల రక్షణ ఉంది. 1927లో విడుదలైనవి 2028 జనవరి 1న స్వేచ్ఛగా వాడుకోవడానికి వస్తాయి.

పిల్లలతో కలిసి వినొచ్చా?

ఎంచుకుని వినండి. కథాగేయాల్లో హత్యలు చాలా ఉంటాయి, కొన్ని నిజంగా జరిగినవి. కొన్ని పాటల్లో నల్లజాతి వాళ్లను కించపరిచే మాటలున్నాయి. 2020లో స్మిత్ సంకలనంలోని ప్లేట్ల రెండో వైపు పాటల్ని సంకలనంగా తెచ్చినప్పుడు అలాంటివి మూడు తీసేశారు. కప్ప పెళ్లి పాటతో మొదలుపెడితే ఏ టెన్షనూ లేదు.

మన తెలుగు పాటలకు ఇలాంటి పని జరగలేదా?

జరిగింది, ఎక్కువగా కాగితం మీద. ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు గారు 1950ల్లోనే జానపద గేయాల మీద పెద్ద పరిశోధన చేశారు. నేదునూరి గంగాధరం గారు ఊరూరా తిరిగి పాటలు పోగుచేసి అచ్చు వేయించారు. గొంతు విషయానికొస్తే, జీన్ రోగైర్ అనే అమెరికన్ పరిశోధకుడు 1970ల్లో పల్నాటి వీరుల కథను పాడేవాళ్ల నోటి నుంచే టేపుల మీదికి ఎక్కించాడు, 1982లో ఇంగ్లిష్‌లో పుస్తకం వచ్చింది. అచ్చులో మాట నిలుస్తుంది గానీ వరస, ఊపిరి తీసుకునే చోటు, వంతపాట అందుకునే తీరు నిలవవు. వాటికి రికార్డింగే దిక్కు.

మా అమ్మమ్మ దంపుడు పాటలు, ఊయల పాటలు పాడుతుంది. ఫోన్‌లో రికార్డు చేస్తే సరిపోతుందా?

సరిపోతుంది, ఈ వారమే చెయ్యండి. ముందు ఆవిడ ఒప్పుకోవాలి, ఎవరికి వినిపిస్తారో కూడా చెప్పండి. ఫ్యాను, టీవీ ఆపేసి ఫోన్‌ని ఆవిడకి మూరెడు దూరంలో మెత్తటి గుడ్డ మీద పెట్టండి. పాట మధ్యలో మరిచిపోతే అందించకండి, ఆగనివ్వండి. పాట అయిపోగానే ఆపు నొక్కకండి. ఎవరి దగ్గర నేర్చుకుంది, ఏ పని చేస్తూ పాడేది అన్న మాటలు అప్పుడే వస్తాయి. మొదట్లోనే తేదీ, ఊరు, ఆవిడ పూర్తి పేరు మీ గొంతుతో చెప్పి రికార్డు చేయండి, ఫైలు పేరు మారినా ఆ వివరం పోదు. వాట్సాప్‌లో పంపితే ధ్వని నలిగిపోతుంది కాబట్టి అసలు ఫైలును కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఇంకో కాపీ వేరే ఇంట్లో ఉంచండి.